వెనక వేసిన రంగు

జోంజు,
24 నవంబరు 2013, ఆదివారం.

అత్తయ్యగారికి,

మీ కోడలు సునిమ్ నేలకు తల ఆనించి దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఈ చలికి మీ మోకాళ్లు ఎలా ఉన్నాయో, గదిలో నేల వెచ్చగా ఉంచుకుంటున్నారో, లేక నూనె ఖర్చని బాయిలర్ ఆపేసి దుప్పట్లో ముడుచుకుంటున్నారో అని రోజూ అనుకుంటూనే ఉన్నాను. నేను బాగానే ఉన్నాను. మీరు బాగున్నారో లేదో మాత్రం ఫోనెత్తితే కదా నాకు తెలిసేది.

ఈ ఉత్తరం మిరాన్ చదివి వినిపిస్తుంది. మిరాన్, నీకు పుణ్యముంటుంది, మధ్యలో నీ సొంత మాటలు కలపకుండా ఉన్నది ఉన్నట్టు చదువు. నీ సంగతి నాకు తెలియదా ఏమిటి, నా పెళ్లయి పాతికేళ్లవుతున్నా ఆడపడుచు ఆడపడుచే.

అత్తయ్యా, మీకు చదవడం వచ్చని నాకు తెలుసు. పోయినేడు ముసలమ్మల బళ్లో అక్షరాలు నేర్చుకుని మీరు నాకు రాసిన మొదటి ఉత్తరం నా పనిబల్ల పైన గోడకు పెట్టుకున్నాను. "ఉప్పు బాగా వచ్చింది. తిను. నిద్రపో." అంతే అందులో ఉన్నది. బొమ్మ తేలక విసుగొచ్చినప్పుడల్లా తలెత్తి ఆ మూడు ముక్కలూ చదువుకుంటాను. కానీ ఇది పొడుగు ఉత్తరం, నా రాత కోడి కెలికినట్టుంటుంది. అందుకని మిరాన్‌ని పనిలో పెట్టాను. చివర్లో కాస్త ముక్క మాత్రం మీ కోసం పెద్దక్షరాలతో రాస్తాను. అది మీరొక్కరే చదువుకోవాలి.

నేను పంపిన క్రీము మడమల పగుళ్లకు రాసేస్తున్నారట. "మడమలు నడుస్తాయి, చెంప నడుస్తుందా" అన్నారట. అది డాక్టరమ్మ ఎడమ చెంప మీద మచ్చకని రాసిచ్చిన మందు అత్తయ్యా. ఆ ఎండ మచ్చ ఏటేటా నల్లబడుతోందని ఆవిడ అంటే తెచ్చింది, కొట్లో కనిపించిందని కొన్నది కాదు. అయినా మీతో వాదించి గెలిచిన వాళ్లు మన దీవిలో ఎవరున్నారు గనక!

సరే, అసలు విషయానికి వస్తాను. ఈసారి కిమ్చీ పచ్చడి రాలేదు.

ఏటా ఈపాటికి ఎర్రమూత డబ్బాలు బస్సు పార్సిల్లో దిగిపోయేవి. మూతల చుట్టూ మీరు చుట్టిన టేపు కోయడానికి కత్తి పట్టుకుని యుద్ధం చేసేదాన్ని. పార్సిలాఫీసు కుర్రాడు కూడా వాసన బట్టి గుర్తుపట్టి "మీ ఊరొచ్చింది మేడమ్" అని ఫోను చేసేవాడు. ఈసారి వారం చూశాను, రెండు వారాలు చూశాను. మీకు కోపం వచ్చిందనుకున్నాను. కానీ మీ కోపం నాకు కొత్తా? పాలపొంగులా వచ్చి అన్నం వేళకి చల్లారిపోతుంది. ఇన్నాళ్లు నిలవ ఉండదు.

మొన్న రాత్రి మిరాన్ ఫోను చేసింది. ఊరి హాల్లో ఆడవాళ్లందరూ కూర్చుని టీవీ చూస్తుంటే నన్ను నేను వేసుకున్న బొమ్మ గురించి కార్యక్రమం వచ్చిందట. మన కోడలే, మన సునిమే అని అందరూ చప్పట్లు కొట్టారట. మీరు ముందుకు జరిగి కూర్చున్నారట. అప్పుడు అందులో ఒక ప్రొఫెసరమ్మ నా బొమ్మకు అర్థం చెప్పడం మొదలుపెట్టింది. చివరికి కెమెరా నా కుడి చెంప దగ్గరికి వెళ్లింది. చర్మం కింద పల్చగా కమిలినట్టున్న ఆ నీడను చూపించి, ఇది దెబ్బ, ఈ ఇల్లాలు నోరు విప్పి చెప్పలేనిది పట్టుగుడ్డ మీద చెప్పుకుంది అన్నదావిడ.

అప్పుడు మన చిన్నమామగారు ఉన్నారు చూశారూ, ఎనభై దాటినా నాలుకకు మాత్రం వయసు రాలేదు, ఆయన మీ అబ్బాయి మాటెత్తి అన్నారట: "తోక్‌సుది ఎడమచేతి వాటం. ఎదురుగా నిలబడి ఎడమచేత్తో కొడితే వాచేది కుడి చెంపే కదా."

మీరు లేచి ఇంటికి వెళ్లిపోయారట. గోడకున్న మీ అబ్బాయి బొమ్మను గోడవైపు తిప్పేశారట. కిమ్చీకని ఉప్పులో వేసిన క్యాబేజీలు పక్కింటి వాళ్లకి ఇచ్చేశారట. మిరాన్ గట్టిగా అడిగితే, మీరు అన్న మాట అది నాకు చెప్పింది.

"నా ఇంట్లో, నా కప్పు కింద ఆ పిల్లను కొట్టాడా? పక్క గదిలో ఉండి నాకు తెలియలేదా? ఇంక ఏ మొహం పెట్టుకుని దానికి కిమ్చీ పంపను?"

ఈ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను అత్తయ్యా. మీరు నా మీద కోపంగా ఉంటే వచ్చి కాళ్లు పట్టుకుందును. మీరు సిగ్గుపడుతున్నారు. నా ముందు మీరు సిగ్గుపడటమేమిటి? నా దగ్గర మీరు తలదించుకుంటే నేనెక్కడికి పోవాలి?

ముందు ఈ మాట వినండి. ఆయన నన్ను ఏనాడూ కొట్టలేదు. ఎడమచేత్తోనూ కొట్టలేదు, కుడిచేత్తోనూ కొట్టలేదు. నాలుగేళ్ల కాపురంలో ఆయన చెయ్యెత్తింది ఒక్కసారే, నా జడలో గొంగళిపురుగు పాకుతుంటే తీయడానికి. పురుగని చెప్పకుండా చెయ్యి పెడితే నేను అదిరిపడి ఆయన్నే ఒక్కటిచ్చాను. ఆ పూటంతా మీరు ఆయన మొహం చూసి నవ్వారు, గుర్తుందా?

కానీ మీరు నమ్మరు. చనిపోయిన కొడుకు పరువు నిలపడానికి, ముసలిదాని మనసు నొప్పించకుండా ఉండటానికి కోడలు అబద్ధమాడుతోందని అనుకుంటారు. మీ స్థానంలో నేనున్నా అలాగే అనుకుంటాను. అందుకని ఆ బొమ్మలో ఉన్నదంతా మీకు విడమరిచి చెబుతాను. టీవీలో ఊరంతా విన్నది, మీరు నా నోట వినాలి.

ప్రొఫెసరమ్మను తిట్టకండి. ఆవిడ మంచిదే. శ్రద్ధగా చూసింది, చాలామంది అంత కూడా చూడరు. టీవీ వాళ్లు బొమ్మ తీయడానికి వచ్చిన రోజు నేను జోంజులో లేను, ఓ పెద్దింటి వాళ్ల తాతగారి పాత బొమ్మ బాగుచేయడానికి కొండల్లోకి వెళ్లాను. నన్ను అడుగుదామంటే నేను లేను, బొమ్మకు నోరు లేదు. ఆవిడకు తోచింది ఆవిడ చెప్పింది.

బొమ్మలో నేను పాతకాలపు పద్ధతిలో చాప మీద కూర్చున్నాను. వెనక గోడకు ఎండుచేప వేలాడుతోంది. పక్కన ఒక జత తెల్ల రబ్బరు జోళ్లు ఉన్నాయి, నా కాళ్లకంటే పెద్దవి. పాత బొమ్మల్లో కూర్చున్నవాళ్లు చేతులు రెండూ చొక్కా చేతుల్లో దాచుకుంటారు. నేను ఒక చెయ్యి బయటపెట్టి అరచెయ్యి తెరిచాను. అందులో ఉప్పు ఉంది. అంతకంటే ఏమీ లేదు.

ఆ చేపను చూసి ప్రొఫెసరమ్మ, నోరు తెరిచి ఉన్నా మాట రాని ఆడది అన్నది. వింటే మీరు కూడా అవును కాబోలు అనుకుని ఉంటారు. ఆ చేప ఎవరో మీరు గుర్తుపట్టలేదా అత్తయ్యా? మీరు నన్ను బొమ్మలు నేర్చుకోమని జోంజు పంపిన మొదటి ఏడాది, మూడు పూటలా నూడిల్సే తింటున్నానని మిరాన్‌కి రాశాను. అది వెళ్లి మీ చెవిన వేసింది. అప్పుడే పెద్దలకు పెట్టే రోజు వచ్చింది. ఆ పళ్లెం కోసమని మీరు కొన్న ఎండుచేపల్లో అన్నింటికంటే పెద్దది తీసి, కాగితంలో చుట్టి నాకు పంపేశారు. చిన్నమామగారు పూజబల్ల ముందు నిలబడి చేప తక్కువైందేమని అడిగితే, మీ జవాబు దీవి అంతా పాకింది. "పెద్దలకు పళ్లు లేవు, ముళ్లు గుచ్చుకుంటాయి. వచ్చే ఏడు మెత్తటిది పెడతాను, ఆగమను" అన్నారు మీరు. నేను ఆ చేపను ముక్కలు ముక్కలుగా నెలంతా తిన్నాను. చివరికి తలకాయ మిగిలితే పారేయబుద్ధి కాక గోడకు కట్టుకున్నాను. మీ తాతముత్తాతలు ఆకలితో వెళ్లారని నాకిప్పటికీ కొంచెం భయమే.

ఇక జోళ్లు. ఆమె కాళ్లకు పట్టని జోళ్లు, ఆమెకు పట్టని కాపురం అన్నదావిడ. నవ్వు రాలేదూ మీకు? నేను బయల్దేరిన రోజు రేవుకు వెళ్లే దారిలో నా చెప్పు తెగింది. లాంచీ కూతేస్తోంది. మీరు అక్కడికక్కడే మీ జోళ్లు విప్పి, తలకు చుట్టుకున్న తువ్వాలు చింపి ముందు భాగంలో కుక్కి, వంగి నా కాళ్లకు తొడిగారు. అత్తగారు కోడలి కాళ్లకు జోళ్లు తొడగడం రేవులో అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు. పెద్దవైపోయాయి అత్తయ్యా అన్నాను. "పెద్దవైతే మంచిదే, తిరిగొచ్చేసరికి కాళ్లు పెరుగుతాయి" అన్నారు. ఇరవైతొమ్మిదేళ్ల దానికి కాళ్లు పెరుగుతాయా? మీరు ఉత్త మేజోళ్లతో ఇంటికి నడిచి వెళ్లారు. ఆ జోళ్లు ఇప్పటికీ నా గుమ్మంలో ఉన్నాయి. నా కాళ్లు పెరగలేదు.

అరచేతిలో ఉప్పు చూసి, పుండు మీద చల్లుకున్న ఉప్పు అన్నదావిడ. ఇది వినగానే నాకు మొదటిసారి కోపం వచ్చింది.

తుపాను వచ్చిన ఏడు ఉప్పు మడి గట్టు తెగి మా ఆయన పోయినప్పుడు, చావు దగ్గర పెట్టడానికి ఇంట్లో ఆయన ఫొటో లేదు. డ్రైవింగ్ లైసెన్సులో ఉన్నదాని మీద సగం ముద్ర పడింది. తెల్లారితే జనం వస్తారు. నేను మిరాన్ పెన్సిలు తీసుకుని, జ్ఞాపకం ఉన్నంత మటుకు ఆయన మొహం గీశాను. మీరు చాలాసేపు చూసి "మావాడే" అన్నారు. అప్పటికి నాకు తెలియదు, నన్నేం చేయాలో ఆ మాటతోనే మీరు లోపల నిర్ణయించేసుకున్నారని.

తర్వాత చిన్నమామగారు వచ్చారు. మొగుణ్ణి మింగినదాన్ని ఇంట్లో ఉంచుకుంటే ఉప్పు మడులు కూడా మింగుతుంది, పుట్టింటికి తోలేయమన్నారు. నేను తలుపు చాటున ఉన్నాను. పుట్టింట్లో సవతి తల్లి నాకేం పెడుతుందో నాకు తెలుసు. నిజం చెప్పనా, మీరు ఆయన మాట వింటారనే అనుకున్నాను. ఏ అత్తగారైనా వింటుంది. మీరు లేచి ఉప్పు కొట్లోకి వెళ్లారు. అక్కరలేని మనిషి వెళ్లాక గుమ్మంలో చిటికెడు ఉప్పు విసురుతారు అందరూ. మీరు ఆయన వెళ్లేదాకా కూడా ఆగలేదు, చిటికెడుతో సరిపెట్టనూ లేదు. ఉప్పు మడులున్న ఇల్లు కదా, పార నిండా తెచ్చి ఆయన వీపు మీద కుమ్మరించారు. చొక్కాలోకి ఉప్పు పోయి ఆయన గెంతుతుంటే మీరు అన్నారు:

"దీన్ని పంపేదాన్ని నేను. ఎక్కడికి పంపాలో, ఎప్పుడు పంపాలో నాకు తెలుసు. నువ్వు బయటికి నడు."

అందులో కొంచెం ఉప్పు ఎగిరి తలుపు చాటున నా చేతిలో పడింది. సాయంత్రం దాకా గుప్పిలి విప్పలేదు నేను. నా బొమ్మలో చేతిలో ఉన్నది ఆ ఉప్పు అత్తయ్యా. అది పుండు మీదది కాదు. నన్ను ఈ లోకంలో ఒకరు కాపాడిన రోజుది.

ప్రొఫెసరమ్మ ఒకటి మాత్రం సరిగ్గా పట్టుకుంది. మీరు విన్నారో లేదో, మొదట్లోనే చెప్పేసి దాటిపోయింది. ఈ కళ్లు ఎదురుగా ఉన్న ఎవరికో దణ్ణం పెడుతున్నట్టున్నాయి అన్నది. ఆవిడకు మీరెవరో తెలియదు. అయినా నా కళ్లల్లో మీరు కనిపించారు.

ఇంత చెప్పాక మీరు అడగబోయేది నాకు తెలుసు. చేప సరే, జోళ్లు సరే, ఉప్పు సరే, మరి ఆ చెంప మీదది ఏమిటే అంటారు. అది చివర్లో రాస్తాను. దానికి ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే అది అర్థం కాదు.

మా క్వోన్ మాస్టారి గురించి మీకు తెలుసు కదా. మనుషుల బొమ్మలు వేయడం నేర్పేదీ ఆయనే, పూర్తయ్యాక వెనక కాగితం అతికించి చుట్ట కట్టేదీ ఆయనే. మేము చెక్క చట్రానికి పల్చటి పట్టుగుడ్డ బిగించి దాని మీద బొమ్మ వేస్తాం. మొహం రంగు ముందు వైపు వేయం. గుడ్డను తిప్పి వెనక నుంచి వేస్తాం. పట్టు పల్చన కాబట్టి ఆ రంగు ముందుకు పల్చగా తేలుతుంది, మనిషి ఒంట్లో నెత్తురు తేలినట్టు. ముందు వైపు గీతలు మాత్రం గీస్తాం, కళ్లూ కనుబొమలూ వెంట్రుకలూ. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు మీరు పొలంలో ఉల్లిపాయలు కోస్తూ, "అంటే తెల్ల చొక్కా లోపల ఎర్ర బనీను వేసుకుంటే బయటికి కనిపించినట్టా" అన్నారు. మాస్టారికి చెబితే, నలభై ఏళ్లుగా పాఠం చెబుతున్నా ఇంత తేలిగ్గా నేను చెప్పలేకపోయాను అన్నారు. ఆ తర్వాత వచ్చిన పిల్లలందరికీ ఆయన మీ బనీను పాఠమే చెబుతున్నారు. మీకు తెలియకుండా మీరు ఇక్కడ మేష్టారైపోయారు.

బొమ్మ ఎండాక వెనక కాగితం అతికిస్తారు. అతికించాక వెనక ఏముందో ఇక ఎవరూ చూడరు. నా బొమ్మ ఇంకా చట్రం మీదే ఉంది. టీవీ వాళ్లు దాన్ని ముందు నుంచే తీశారు. మ్యూజియం వాళ్లకు ఇచ్చే లోపు, డిసెంబరు మొదటివారంలో మాస్టారు కాగితం అతికించాలి. మా అత్తగారు వచ్చేదాకా ఆగండి అన్నాను. గొణిగారు. గంజి కలిపేశానన్నారు. మీ గంజి పదేళ్లు కుండలో పులిసిందే కదా మాస్టారూ, ఇంకో వారం పులిస్తే కొంపేం మునగదు అన్నాను. నోరు ఎక్కువైంది నీకు, ఆ ఉప్పు మడుల ఆవిడ పెంపకం అన్నారు. కాదనలేదు నేను.

మీరు రావాలి అత్తయ్యా. మిరాన్ తీసుకొస్తుంది. లాంచీ దిగాక బస్సు, బస్సు దిగాక నేను. మోకాళ్ల నొప్పి అని సాకు చెప్పకండి. అదే మోకాళ్లతో మొన్న మిరాన్ చిన్నదాని స్కూలు ఆటల పండక్కి వెళ్లి, తాడు లాగే పోటీలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారని విన్నాను.

టీవీ వాళ్లకు కూడా చెప్పాను. మ్యూజియంలో బొమ్మ పెట్టే రోజు నేనే మాట్లాడతాను, చెంప సంగతి నేనే చెబుతాను అన్నాను. ఊళ్లో మళ్లీ హాల్లో కూర్చుని చూస్తారు. చిన్నమామగారిని ముందు వరసలో కూర్చోబెట్టమని మిరాన్‌కి చెప్పాను. కానీ ఊరు వినే ముందు మీరు వినాలి, అందుకే ఈ ఉత్తరం.

ఇంకొక్క మాట. ఇన్నేళ్లలో మీకు థాంక్స్ చెప్పిన గుర్తు లేదు నాకు. మీరు చెప్పనిస్తే కదా. ఎప్పుడు మొదలుపెట్టినా "అన్నం తిన్నావా" అని మాట మార్చేస్తారు. ఉత్తరంలో అయితే మీరు అడ్డం రాలేరు. అత్తయ్యా, నన్ను కన్నతల్లి కని పోయింది. మనిషిని చేసింది మీరు. నా పొట్ట, నా పని, నా పేరు, నా బొమ్మ కింద నేను నొక్కుకునే ఎర్ర ముద్ర, అన్నీ మీరు పెట్టినవే. కొడుకు పోయిన దుఃఖంలో ఉండి కూడా కోడలి గురించి ఆలోచించిన మనిషి మీరు. ఈ జన్మకు నాకు ఇది చాలు.

చలిలో తడి బట్టలతో ఉండకండి. బాయిలర్ వేసుకోండి, నూనె డబ్బులు నేను పంపిస్తాను, వెనక్కి పంపితే ఊరుకోను. ఎర్రమూత డబ్బాలు కడిగి ఎండబెట్టి ఉంచాను. ఖాళీగా ఉన్నాయి, చూస్తే బెంగగా ఉంది.

మీ కోడలు,
సునిమ్

తా.క.

మిరాన్, నువ్వు ఇక్కడితో ఆపు. ఈ కాగితం అమ్మ చేతికిచ్చి, లేచి వెళ్లి టీ పెట్టు. తలుపు దగ్గర నిలబడి వినకు.

అత్తయ్యా,

మెల్లగా చదవండి. పెద్దక్షరాలే.

నా బొమ్మకు వెనక మీ మొహం ఉంది.

పట్టు తిప్పి నా మొహానికి రంగు వేయాల్సి వచ్చింది. ఏ రంగు వేసినా నేను తేలలేదు. మూడుసార్లు కడిగేశాను. అప్పుడు వెనక వైపు మిమ్మల్ని వేశాను. మీ నుదురు, మీ ముడతలు, మీ పెదవులు. మీ రంగు ముందుకు తేలింది. అప్పుడు నేను కనిపించాను.

మీ ఎడమ చెంప మచ్చ కూడా వేశాను. అది లేకపోతే మీరు కాదు కదా.

ఉప్పు మడి గట్టు మీద ఆనుకోవడానికి మనకు గోడ లేదు. ఒకరి వీపుకు ఒకరం ఆనుకుని కూర్చునేవాళ్లం. మధ్యాహ్నం ఎండ మీ ఎడమ చెంప మీద పడేది. అదే ఎండ నా కుడి చెంప మీద పడేది. పట్టుకు అటూ ఇటూ మనం అలాగే ఉన్నాం. అందుకే మీ ఎడమ మచ్చ నా కుడి చెంపలో తేలింది.

మాస్టారు అడిగారు. నీకు లేని మచ్చ ఎందుకు, చెరిపెయ్ అన్నారు. నాదే మాస్టారూ అన్నాను.

అది దెబ్బ కాదు. అది ఎండ. నన్ను పంపి, నా వంతు ఉప్పు కూడా మీరే లాగిన ఎండ.

ఆయన చెయ్యి అందులో లేదు.

మీరొచ్చి వెనక్కి తిప్పి చూసుకోండి. మీరు చూశాకే కాగితం.

ఇప్పుడు లేవండి అత్తయ్యా. మీ అబ్బాయిని ఇటు తిప్పండి.